మధ్యతరగతి మీద వెటకారంగా ప్రింట్లు వేస్తే ఎవరు కొంటారు? కొంటారండీ, నా అనుభవం చెప్తా

మీరు అడిగింది రెండు ప్రశ్నలు. ఒకటి, ప్రింట్‌మేకింగ్‌లో, అంటే రాయో చెక్కో లినోనో మీద బొమ్మ వేసి కాగితాల మీద అచ్చు తీసే పనిలో, మధ్యతరగతి మీద సెటైర్ వేసినవాళ్ళు మన దేశంలో ఎవరైనా ఉన్నారా అని. రెండు, తమని వెక్కిరించే బొమ్మని ఎవరైనా డబ్బులిచ్చి కొని గోడకి తగిలించుకుంటారా అని. ముందు రెండోదానికి చెప్తా, ఎందుకంటే అది నేను కళ్ళారా చూశాను కాబట్టి. తగిలించుకుంటారు, అదీ హాల్లోనే, టీవీ పక్కన. ఎలాగంటే ఆ బొమ్మ తమ మీద కాదు, పక్క ఫ్లాట్ వాళ్ళ మీద అని వాళ్ళకి గట్టి నమ్మకం.

నేను హైదరాబాద్‌లో ప్రింట్‌మేకింగ్‌లో ఎం.ఎఫ్.ఏ. చేశాను, ఇప్పుడు పొట్టకూటికి డిజైన్ ఉద్యోగం, శని ఆదివారాలు బాల్కనీలో కూర్చుని లినోకట్లు, అంటే లినోలియం ముక్క మీద చెక్కి అచ్చు తీసే బొమ్మలు. కొన్నేళ్ళ కింద మేముండే అపార్ట్‌మెంట్ మీదే ఒక సిరీస్ చేశా, పన్నెండు బొమ్మలు. అందులో ఒకటి జనరల్ బాడీ మీటింగు. సెల్లార్‌లో ప్లాస్టిక్ కుర్చీలు, అందరూ ఒకేసారి మాట్లాడుతుంటారు, అందరికీ నోళ్ళు చేటంత వేశాను, చెవులు మాత్రం ఒక్కళ్ళకీ వెయ్యలేదు, మధ్యలో ఒకాయన మెయింటెనెన్స్ లెక్కల పుస్తకం గుండెలకి హత్తుకుని కూర్చుంటాడు, ఓ మూల వాచ్‌మన్ నిలబడి ఉంటాడు, అన్ని ఖాళీ కుర్చీలున్నా అతనికి మాత్రం కుర్చీ లేదు.

ఊళ్ళో ఒక చిన్న ఎగ్జిబిషన్‌లో పెట్టాం. మా బి బ్లాక్ అంకుల్ ఒకాయన వచ్చాడు, రిటైరైనాయన, మీటింగుల్లో మైక్ లేకపోయినా మైకున్నంత గొంతు. బొమ్మ ముందు నిలబడి పగలబడి నవ్వి "అచ్చం ఆ పాత సెక్రటరీని దింపేశావయ్యా, వాడింతే, ఎవడి మాటా వినడు" అని రెండు కాపీలు కొన్నాడు, ఒకటి తనకి, ఒకటి అల్లుడికి. నేను గీసేటప్పుడు ఎదురుగా పెట్టుకున్నది ఎవర్నో చెప్పక్కర్లేదు కదా, ఆ బట్టతల, ఆ జేబులో మూడు పెన్నులు అన్నీ ఆయనవే. పన్నెండు వందలకి అమ్మాను ఒక్కోటి. డబ్బులు తీసుకునేటప్పుడు కొంచెం సిగ్గేసింది గానీ తీసుకున్నాను.

ఇంకో సంగతి, ఆ కాపీల్లో ఒకదాని కింద పెన్సిల్‌తో ఏ/పీ అని ఉంది. ఆర్టిస్ట్ ప్రూఫ్ అని అర్థం, ఎడిషన్ నంబర్లు వేసేముందు మనకోసం తీసుకునే కాపీ. ఆయన అది చూసి "ఇక్కడే వేశావు కదా, ఏపీ అని ఎందుకు రాశావు, టీజీ అని ఉండాలి కదా" అన్నాడు. నేను వివరించబోయి ఊరుకున్నా.

సరే, మొదటి ప్రశ్న. మన దేశంలో ఈ పనిలో నాకు తెలిసి అందరికంటే గట్టివాడు గగనేంద్రనాథ్ ఠాగూర్. 1867లో పుట్టి 1938లో పోయాడు. రవీంద్రనాథ్‌కి అన్నకొడుకు వరస, అవనీంద్రనాథ్‌కి సొంత అన్న. ఆర్ట్ పుస్తకాల్లో ఈయన పేరు ఎక్కువగా ఆ క్యూబిజం పెయింటింగుల దగ్గర, అదే ముక్కలు ముక్కలుగా కోణాలతో వేసినవాటి దగ్గర, వస్తుంది, అవి బాగుంటాయి కాదనను, కానీ నాకు మాత్రం ఆయన లిథోగ్రాఫుల ముందు, అంటే రాతి పలక మీంచి అచ్చు తీసిన బొమ్మల ముందు, అవి దిగదుడుపే. కలకత్తాలో ఠాగూర్ల జొరాసాంకో ఇంట్లోనే ఒక లిథో ప్రెస్ పెట్టించుకున్నాడు. 1917లో రెండు ఆల్బమ్‌లు, బిరూప్ బజ్ర, అద్భుత్ లోక్, తర్వాత 1921లో నబ హుల్లోడ్. ఇక్కడ మనవాళ్ళు పొరబడే చోటొకటుంది, అద్భుత్ అంటే మనకి భలే గొప్పగా అనిపిస్తుంది కానీ బెంగాలీలో ఆ మాటకి వింత, విడ్డూరం అనే అర్థమే ముందొస్తుంది, అంటే 'విడ్డూరాల లోకం' అన్నమాట. నబ హుల్లోడ్ అంటే 'కొత్త గోల', బ్రిటిష్ వాళ్ళు పాలనలో మనవాళ్ళకి కొంత చోటిచ్చిన మాంటేగు చెమ్స్‌ఫర్డ్ సంస్కరణల టైమ్ కదా, ఆ సంస్కరణల హడావిడి మీద.

అందులో ఎవరిని పట్టుకున్నాడో చూడండి. కలకత్తా బాబులు, అంటే ఇంగ్లీషు చదువు చదివి, పైన కోటు కింద పంచె, దొరల ముందు వంగి, ఇంట్లో నౌకర్ల ముందు దొరల కంటే ఎక్కువ దొరలయ్యేవాళ్ళు. మన గిరీశానికి కలకత్తాలో బోలెడుమంది అన్నదమ్ములున్నారనుకోండి. యూనివర్సిటీని అచ్చంగా ఒక ఫ్యాక్టరీ మిషన్‌లాగా వేశాడు. కులవ్యవస్థ మీద తిరగలి బొమ్మ ఒకటి ఉంది, 'జాతాసుర్', బెంగాలీలో తిరగలిని జాఁతా అంటారు, కులాన్ని జాత్ అంటారు, ఆ రెంటినీ కలిపి రాక్షసుణ్ణి చేశాడు, పైన బ్రాహ్మణుడు దర్జాగా కూర్చుంటాడు, కింద తిరగలి మధ్యలో జనం నలుగుతుంటారు. జలియన్‌వాలాబాగ్ తర్వాత పంజాబ్‌లో శాంతి నెలకొంది అన్న అర్థంలో పేరు పెట్టి వేసిన బొమ్మ కూడా ఈయనదే.

నేను కలకత్తాలో ఒక వర్క్‌షాప్‌కి వెళ్ళినప్పుడు వీటిలో కొన్నింటిని దగ్గర్నించి చూశాను. పుస్తకంలో చూసేటప్పుడు తెలియదు, దగ్గరికెళ్తే ఆ నల్లరంగు ఎంత బరువుగా ఉంటుందో, సగం బొమ్మ ఒట్టి నలుపే, తెల్లగా కనపడేది ఆ బాబు పొట్ట, ఆ కాగితం, అంతే. నాకు అప్పుడే బుర్రలో ఒకటి తిరిగింది, ఈయన ఎవరిని వెక్కిరిస్తున్నాడు? తనూ జమీందారీ ఇంటివాడే, తనకీ నౌకర్లున్నారు, ఆ ఆల్బమ్‌లు కొన్నవాళ్ళు కూడా ఆ బాబులే, ఇంకెవరు కొంటారు ఆ రోజుల్లో. అయినా బయట గోడెక్కి రాళ్ళు వేస్తున్నట్టు ఉండదు ఆ బొమ్మలు చూస్తే, వాళ్ళతో కలిసి భోజనం చేసినవాడు వేసినట్టే ఉంటాయి.

లిథో అంటే ఏంటో తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. సున్నపురాయి పలక మీద జిడ్డున్న చాక్‌తో బొమ్మ వేస్తారు, దానికి గమ్ అరబిక్‌లో కొంచెం నైట్రిక్ యాసిడ్ కలిపి పూస్తారు, తర్వాత రాయి తడిపి ఇంకు రోలర్ దొర్లిస్తే జిడ్డున్న చోట ఇంకు అంటుకుంటుంది, తడి ఉన్న చోట అంటుకోదు. జిడ్డు చేత్తో రాయిని తాకినా ఆ వేలిముద్ర కూడా ప్రింట్‌లో వచ్చేస్తుంది, నాకు వచ్చింది. జర్మనీ వాడు సెనెఫెల్డర్ 1790ల చివర్లో కనిపెట్టాడు. చెక్క చెక్కక్కర్లేదు, రాగి గీకక్కర్లేదు, కాగితం మీద పెన్సిల్‌తో గీసినంత తేలిగ్గా గీసుకుంటూ పోవచ్చు, అందుకే పత్రికలవాళ్ళ చేతిలో పడింది, ఇవాళ జరిగింది రేపటికల్లా బొమ్మయి అచ్చులోకి వచ్చేస్తుంది.

ఆ పత్రికల కథలో పెద్ద పేరు ప్యారిస్ ఆయన, ఓనరే డోమియే. 1831లో అప్పటి రాజు లూయీ ఫిలిప్‌ని పెద్ద బొజ్జ రాక్షసుడిగా వేశాడు, జనం గంపలతో డబ్బు మోసుకొచ్చి వాడి నోట్లో పోస్తుంటారు, కింద నుంచి బిరుదులు పడుతుంటాయి, ఎక్కణ్ణుంచో మీకు అర్థమైంది కదా. దానికి ఆరునెలలు జైలు. 1835లో రాజకీయ కార్టూన్ల మీదే సెన్సారు చట్టం తెచ్చారు. అప్పుడాయన ఏం చేశాడంటే రాజుని వదిలేసి, ఆ రాజుని మోస్తున్నవాళ్ళ ఇళ్ళల్లోకి దూరాడు. షేర్లు అమ్మే మోసగాడు, కేసు ఓడిపోయినా ఫీజు వదలని లాయరు, ఆదివారం పూట పెళ్ళాం పిల్లల్ని వేసుకుని ఊరిబయటికి షికారెళ్ళి చెమటలు కక్కే గుమాస్తా, అద్దెకున్నవాడి మీద అరిచే ఇంటి ఓనరు. రోబేర్ మకేర్ అనే మోసగాడి సిరీస్ ఒకటి ఉంది, 1836 నుంచి 38 దాకా వంద బొమ్మలు వేశాడు, ఇవాళ్టి ఓపెన్ ప్లాట్ల బ్రోచర్ పక్కన పెట్టినా తేడా తెలియదు. మొత్తం జీవితంలో ఇంచుమించు నాలుగు వేల లిథోలు. ఆ బొమ్మలు అచ్చేసిన పత్రిక చందాదారులు ఎవరనుకున్నారు, ఆ గుమాస్తాలూ ఆ లాయర్లూ ఆ ఇంటి ఓనర్లే. మా బి బ్లాక్ అంకుల్ ఆ రోజుల్లో ప్యారిస్‌లో పుడితే ఖాయంగా చందా కట్టేవాడు.

మళ్ళీ కలకత్తాకి వస్తే, గగనేంద్రనాథ్ కంటే ముందే కాళీఘాట్ గుడి దగ్గర పటువాలు, అంటే పటాలు వేసి అమ్ముకునేవాళ్ళు, బాబుల్ని ఓ ఆట ఆడుకున్నారు. అవి చేత్తో వేసినవి, మిల్లు కాగితం మీద నీళ్ళరంగులతో టకటకా వేసి యాత్రికులకి పైసలకి అమ్మేవాళ్ళు, అదే టైమ్‌లో బత్తలా వీధుల్లో చెక్క బ్లాకులతో అచ్చేసిన బొమ్మలు కూడా అవే కథలతో వచ్చేవి. ఆల్బర్ట్ క్రాపు, బకిల్స్ ఉన్న బూట్లు, కుచ్చిళ్ళ పంచె, చేతిలో హుక్కా. ఒక బొమ్మలో బాబు గొర్రె అయిపోతాడు, వేశ్య తాడు పట్టుకుని నడిపిస్తుంటుంది. ఇంకోదాంట్లో నుదుట వైష్ణవ నామం పెట్టుకున్న పిల్లి నోట్లో చేప, ఆ పిల్లి ఎవరో ఆ వీధిలో అందరికీ తెలుసు. 1873లో తారకేశ్వర్ మహంతు కేసు వచ్చినప్పుడైతే ఇంక పండగే వాళ్ళకి, గుడి మహంతుకి, అంటే ఆ గుడి పెద్దకి, ఎలోకేశీ అనే పదహారేళ్ళ అమ్మాయితో సంబంధం ఉందని తెలిసి ఆమె భర్త నబీన్ చేపలు కోసే కత్తిపీటతో ఆమెని నరికేశాడు. బొమ్మల మీద బొమ్మలు అమ్ముడుపోయాయి. ఆ నబీన్ కలకత్తాలో ఒక మిలిటరీ ప్రెస్‌లో పనిచేసేవాడు, అంటే ప్రింటింగ్‌లోనే.

ఇక్కడ నాకొక కంప్లైంట్ ఉంది, మెచ్చుకుంటూ పోతే అబద్ధం చెప్పినట్టు అవుతుంది. ఈ బొమ్మల్లో సగం వెటకారం ఆడవాళ్ళ మీదే పడింది. ఆ కేసులో చచ్చిపోయింది ఆమె, కానీ ఆమె చేతిలో తమలపాకు పెట్టి మహంతుని వల్లో వేసుకున్నట్టు వేసిన బొమ్మలు బోలెడు. కలికాలం అని పేరు పెట్టి కొడుకు పెళ్ళాన్ని భుజాల మీద ఎక్కించుకుని ముసలి తల్లిని గొలుసు కట్టి లాక్కెళ్తున్నట్టు వేశారు, తప్పంతా ఆ పైన కూర్చున్న కోడలిదే అన్నట్టు. డోమియే కూడా తక్కువేం కాదు, 1844లో పుస్తకాలు రాసే ఆడవాళ్ళ మీద ఒక సిరీస్ వేశాడు, ఆవిడ రాసుకుంటుంటే బిడ్డ నీళ్ళ తొట్టిలో పడిపోయి ఉంటుంది. గీత అద్భుతం, బుద్ధి మాత్రం మన పాత సినిమాల్లో కామెడీ ట్రాక్ లెవెలు.

నేనూ అదే గుంటలో పడ్డాను కాబట్టి ఇంత గట్టిగా చెప్తున్నా. నా సిరీస్‌లో మొట్టమొదట చెక్కిన బొమ్మ కిట్టీ పార్టీ ఆంటీలు. నగలు, కేకు, సెల్ఫీ. చాలా తేలిగ్గా వచ్చింది, ఒక్క రోజులో అయిపోయింది, చూపించిన ప్రతివాడూ నవ్వాడు. మా ఆఫీసులో ఒకమ్మాయి మాత్రం చూసి "వీళ్ళని ఎవరైనా గియ్యగలరు కదా, మీ ఇంట్లో ఎవరూ లేరా గియ్యడానికి" అంది. కోపం వచ్చింది ఆ రోజంతా. తర్వాత ఆ లినో ముక్కని కోసేసి వెనక వైపు టెస్ట్ ప్రింట్లకి వాడుకున్నా.

మా ఇంట్లో ఎవరున్నారు అని చూస్తే గ్లాసులున్నాయి. మీ ఇంట్లోనూ ఉండే ఉంటాయి, పెళ్ళిలో వచ్చిన స్టీలు సామాన్ల మీద పేర్లు చెక్కించి ఉంటాయి కదా, ఫలానా వారి వివాహ సందర్భంగా అని, ఇంటిపేరుతో సహా. మా ఖమ్మం ఇంట్లో అలమారా నిండా అవే. కిటికీ బయట గట్టు మీద మాత్రం విడిగా ఒక గ్లాసు బోర్లించి ఉండేది, పనిచేయడానికి వచ్చేవాళ్ళ టీకి. చిన్నప్పుడు ఎప్పుడూ దాని గురించి ఆలోచించలేదు, అది అక్కడే ఉండాలి అన్నట్టు ఉండేది. దాన్ని వేశాను. అలమారాలో గ్లాసులన్నిటి మీదా పేర్లు, కిటికీ గట్టు మీది గ్లాసు ఒట్టి నల్లగా, పేరు లేకుండా. మనుషులెవరూ లేరు బొమ్మలో. చాలా తెలివిగా వేశాననుకున్నా.

అమ్మ హైదరాబాద్ వచ్చినప్పుడు చూసింది. చాలాసేపు చూసి, నేను ఏదో గొడవ అవుతుందని రెడీగా ఉంటే, "దాని మీద కూడా పేరుందిరా" అంది. నేను లేదన్నాను. "ఉంది, అది మీ నానమ్మ గ్లాసు, సొట్టపడిందని తీసి బయట పెట్టాం, వెంకటసుబ్బమ్మ అని ఉంటుంది అడుగున, నువ్వెప్పుడు చూశావు అడుగున" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఇంక దాని గురించి మాట్లాడలేదు, నేనూ అడగలేదు.

అప్పటికే పది కాపీలు తీసేసి ఉన్నా. లినోతో ఒక సుఖం ఏంటంటే ఒకసారి చెక్కేసింది మళ్ళీ పూడ్చలేం గానీ నల్లగా ఉన్నచోట ఇంకా చెక్కొచ్చు, గ్లాసు నల్లగా ఉంది కాబట్టి దాని మీద తెల్లగీతలతో పేరు చెక్కాను. ఇలా ప్లేటు మార్చి మళ్ళీ తీస్తే దాన్ని సెకండ్ స్టేట్ అంటారు. ఎగ్జిబిషన్‌లో పెట్టింది ఆ రెండోదే. అంకుల్ దాని ముందు కూడా ఆగాడు కానీ నవ్వలేదు, "ఇందులో జోకేంటి" అని అడిగాడు.

తెలుగులో ఇలా ప్రింట్లు వేసినవాళ్ళు ఎందుకు తక్కువ అంటే నాకు తోచింది చెప్తా. మనకి గొప్ప ప్రింట్‌మేకర్లు లేక కాదు, లక్ష్మాగౌడ్ గారి ఎచింగులు, అంటే లోహపు రేకు మీద యాసిడ్‌తో గీతలు తినిపించి అచ్చు తీసేవి, చూడండి, ఆ గీతకి దణ్ణం పెట్టాలి, కానీ ఆయన లోకం మెదక్ వైపు పల్లె, మేకలు, చెట్లు, మనుషుల లోపలి కోరికలు, అపార్ట్‌మెంట్ కాదు. మధ్యతరగతిని వెక్కిరించే పని మనకి వారపత్రికల కార్టూన్లు తీసేసుకున్నాయి, బాపు గారి గీతలో మొగుడూ పెళ్ళాం జోకులు చూసి పెరిగినవాళ్ళం కదా. అవి ముద్దుగా ఉంటాయి, చదివి నవ్వుకుని పేజీ తిప్పేస్తాం. ప్రింట్ గోడ మీద ఉంటుంది, పేజీ తిప్పడానికి ఉండదు, నాకు ప్రింట్ ఇష్టం అందుకే. బెంగాల్ ఆర్టిస్ట్ చిత్తప్రసాద్ లినోకట్లు కూడా తప్పకుండా వెతికి చూడండి, ఆయన చూపు ఎక్కువగా ఆకలి మీద, కూలీల మీద, కానీ ఆ నలుపు తెలుపులు నేర్చుకోవాలంటే అంతకంటే మంచి మేష్టారు లేడు.

మీరు సొంతంగా మొదలుపెట్టే ఆలోచనలో ఉంటే లిథో జోలికి పోకండి, రాయీ ప్రెస్సూ ఇంట్లో కుదరవు. లినో ముక్క, రెండు గౌజులు (చెక్కే ఉలులు), ఒక రోలర్, నల్ల ఇంకు చాలు. లినో గట్టిగా ఉంటే కాసేపు ఎండలో పెట్టండి, వెన్నలా తెగుతుంది. ప్రెస్ లేకపోతే కాగితం పైన అన్నం గరిటె వెనక్కి తిప్పి గుండ్రంగా రుద్దండి, నేను ఇప్పటికీ అంతే. గౌజ్ కి ఎదురుగా రెండో చెయ్యి పెట్టకండి, నా ఎడమ బొటనవేలికి మూడు కుట్లున్నాయి.

అన్నిటికంటే కష్టం తెలుగు అక్షరాలు. ప్రింట్‌లో బొమ్మ కుడిఎడమలు తిరగబడుతుంది కాబట్టి అక్షరాలు తిరగేసి చెక్కాలి, ఇంగ్లీషు పెద్దక్షరాలైతే గీతలు గీతలుగా తేలిపోతుంది, మన గుండ్రాలూ తలకట్లూ ఒత్తులూ తిరగేసి చెక్కడం అంటే చుక్కలు కనపడతాయి. నా తొలి రోజుల ప్రింట్ ఒకదాంట్లో అపార్ట్‌మెంట్ నోటీసు బోర్డు మీద 'నీరు వృథా చేయరాదు' అని నిటారుగా చెక్కేశాను, అచ్చులో తిరగబడి వచ్చింది, వృ కింద సుడి ఎటు పోయిందో దేవుడికే తెలియాలి. చూసినవాళ్ళు "నోటీసు ఎవరూ చదవరని కావాలనే తిరగేసి వేశావా, భలే ఐడియా" అన్నారు, నేను అవునన్నాను. వెంకటసుబ్బమ్మకి మాత్రం ముందు ట్రేసింగ్ పేపర్ మీద రాసి, తిరగేసి లినో మీద దింపుకుని చెక్కాను, పేరు ఒక్కదానికి రెండు సాయంత్రాలు పట్టింది, అయినా బ్బ దగ్గర గౌజ్ జారింది, ప్రింట్‌లో అక్కడ చిన్న తెల్లగీత కనపడుతుంది చూడండి, గ్లాసు సొట్ట అని చెప్పి తప్పించుకుంటుంటాను.